సరి చేసిన మనిషి

అతను పోయిన నాలుగు నెలలకు నాకు అతని మీద కోపం వచ్చింది. మా ఇంటికి వస్తూ పోతూ ఉన్న అయిదేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పిన నేను అయిదేళ్ళ పాటు ఒక మనిషిని కసురుకోకుండా ఉన్నానంటే నా దగ్గర చదువుకున్నవాళ్ళు నమ్మరు.

పేరు రాయను. పేరు రాస్తే ఇది ఫిర్యాదు అవుతుంది. జవాబు చెప్పుకోవడానికి అతను లేడు. ముత్యాలపేటలో మా ఇంటి మేడ మీద సోలార్ పలకలు బిగించి, వాటిని కనిపెట్టుకుని ఉన్న మెకానిక్ అని చెబితే చాలు. అతని ఊరు కిరుమాంబాక్కం. మాలాగే ఎన్నో తరాల కింద ఇటు అరవదేశానికి వచ్చి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు గాని ఒక్క తెలుగు అక్షరం చదవలేకపోయేవాడు. అంకెలు మాత్రం తలకిందులుగా పెట్టినా చదివేవాడు.

మేడ మీద మొత్తం పన్నెండు పలకలు. ఎడమ ఆరు, కుడి ఆరు. ప్రతి ఆరింటికీ ఒక ఇన్వర్టరు. పలకల్లో పుట్టే కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చేది అదే. రెండు ఇన్వర్టర్లూ గోడకు పక్కపక్కన ఉంటాయి. రెంటి కరెంటూ ఒకే తీగలో కలిసి ఇంట్లోకి వస్తుంది. వాడుకోగా మిగిలింది వీధి లైనుకు పోతుంది. రెంటినీ జతగా నడిపే చిన్న పెట్టె ఒకటి వాటి నడుమ ఉంది.

ఒకటే పెద్దది పెట్టకుండా రెండెందుకని మొదటి రోజే నిలదీశాను. అతను చేతిలోని స్పానరు కింద పెట్టి తీరిగ్గా చెప్పాడు.

“ఒంటెద్దుతో దున్నొచ్చు టీచరమ్మా. అది పడుకునిందంటే మాత్రం మడక నిలిచిపోతాది గదా.”

ఎడమ ఇన్వర్టరును దాపటిది అనేవాడు, కుడిదాన్ని వలపటిది అనేవాడు. కాడికి ఎడమన కట్టే ఎద్దు, కుడిన కట్టే ఎద్దు. మా తాతగారు పోయాక యాభై ఏళ్ళ పైన ఆ రెండు మాటలు నా చెవిన పడలేదు. ఆ మాటలతోనే నేను అతనికి లొంగిపోయానని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు తెలిసి ఉంటే కాస్త దూరంగా నిలబడి చూసేదాన్ని.

నెలకొకసారి, శనివారం ఉదయం వచ్చేవాడు. మెట్ల కిందే చెప్పులు విడిచేవాడు. పైన పలకలున్న చోటికి చెప్పులతో పోవడం అతని ఉద్దేశంలో పశువుల పాకలోకి చెప్పులతో పోవడం లాంటిదట. ముందు దాపటిదాని మీద, తర్వాత వలపటిదాని మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూసేవాడు. మాకు సముద్రం దగ్గర. గాలికి పలకల మీద ఉప్పు పేరుకుంటుంది. అతను పలక మీద వేలు రాసి ఆ వేలు నాలుక మీద పెట్టుకుని, ఇంకో నాలుగు రోజులు ఆగొచ్చనో, ఇవాళే కడగాలనో తేల్చేవాడు. నేను అసహ్యించుకుంటే నవ్వేవాడు. మీరు సాంబారులో ఉప్పు చూడరా అనేవాడు.

ఎండ క్షణానికోరకంగా మారుతుంటే పలకల నుంచి ఎక్కువలో ఎక్కువ కరెంటును ఇన్వర్టరు ఎలా లాగుతుందని ఒకసారి అడిగాను. నోటితో చెప్పలేదు. కళ్ళు మూసుకుని మేడ మధ్యలో నిలబడ్డాడు.

“కొంచెం లాగి చూస్తాది,” అని ఒక అడుగు వేశాడు. “ఎక్కువొచ్చిందా, ఇంకొంచెం లాగతాది.” ఇంకో అడుగు. “తగ్గిందా, ఎనక్కొస్తాది.” వెనక్కి ఒక అడుగు. “పొద్దు గూకేదాకా ఇదే పని. ఒక తావున నిలవదు.”

అలా ముందుకూ వెనక్కూ వేస్తూ పిట్టగోడ దాకా పోయాడు. నేను భయపడి అరిచాను. ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా వాళ్ళకు ఆ ఆట ఆడి చూపించమనేదాన్ని. కాదనకుండా ఆడేవాడు. ఒకసారి మా పక్కింటి జడ్జిగారి భార్యకు ఆడి చూపిస్తే ఆవిడ అరగంట నవ్వింది. ఇన్వర్టరు అంటే ఏమిటో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

రోజూ సాయంత్రం ఆరింటికి నేను పైకి వెళ్ళి రెండు ఇన్వర్టర్ల మీదా ఆ రోజు యూనిట్లు చూసి నోటుపుస్తకంలో రాస్తాను. ఎడమ, కుడి, మొత్తం, మూడు గళ్ళు. అతను వచ్చిన శనివారం ఆ నెల అంకెలన్నీ నేను చదవాలి, అతను మెట్ల మీద కూర్చుని వినాలి. అవి పూర్తయ్యేదాకా కాఫీ ముట్టడు. చివర్లో నేను మొత్తం చెప్పగానే గ్లాసు అందుకుంటూ ఎప్పుడూ ఒకటే మాట: “అమ్మ లెక్కకు తిరుగులేదు.” నాతో అన్నాడు, పక్కింటివాళ్ళతో అన్నాడు, వీధి మొదట్లో టీకొట్టులో కూడా అన్నాడని తెలిసింది. ఈ వయసులో పొగడ్త అక్కర్లేదనుకుంటాం. అక్కర్లేకపోవడం వేరు, చెవిన పడకపోవడం వేరు.

మొదటి రెండేళ్ళూ మంచి ఎండ రోజున ఎడమ తొమ్మిది, కుడి తొమ్మిది, మొత్తం పద్దెనిమిది వచ్చేవి. మూడో ఏడు ఎడమ పక్కింటివాళ్ళు మెట్లగది మీద పెద్ద నీళ్ళ తొట్టి కట్టారు. మధ్యాహ్నం రెండు దాటితే దాని నీడ మా ఎడమ పలకల మీద పడుతుంది. దాపటిది ఆరున్నరకు దిగిపోయింది. వలపటిది తొమ్మిది దగ్గరే ఉంది. పుస్తకంలో రెండు గళ్ళూ పక్కపక్కన ఎగుడుదిగుడుగా కనిపిస్తుంటే నాకు కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

“దాపటిది వెనకబడింది. సరి చెయ్యి,” అన్నాను.

మా ఇళ్ళల్లో సరి అనే మాటకు పనులు ఎక్కువ. ఒప్పుకుంటే సరి. పాడైనది బాగుచేస్తే సరి చేసినట్టు. రెండు సమానమైతే సరి. ఇక చాలించు అనడానికీ సరి. అరవం, తెలుగు కలిసి కాపురం చేసిన చోట ఒక మాట మీద ఇన్ని బరువులు పడతాయి. నేను అడిగింది బాగుచెయ్యమని. ఎడమ పలకలను జరిపో, ఎత్తు పెంచో, దాన్ని పైకి తెమ్మని. అతను ఒక శనివారం ఎత్తు పెంచి చూశాడు, ఇంకో శనివారం వాలు మార్చి చూశాడు. తొట్టి తొట్టిలాగే ఉంది. నేను మాత్రం వచ్చినప్పుడల్లా అదే మాట అన్నాను. ఎంత గట్టిగా అన్నానో గుర్తు తెచ్చుకోవడం ఇప్పుడు అవసరం.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో, వానలు మొదలైన శనివారం, ఆ చిన్న పెట్టె ముందు గంట సేపు కూర్చున్నాడు. కిందికొచ్చి, “సరి చేసినాను టీచరమ్మా,” అన్నాడు. ఆ సాయంత్రం మబ్బులో ఎడమ నాలుగు, కుడి నాలుగు. మర్నాడు మూడున్నర, మూడున్నర. నేను ఆ పేజీ పక్కన ‘ఈ రోజు నుంచి రెండూ సరి’ అని రాసుకున్నాను. ఆ నెల అంకెలు చదివి వినిపించిన రోజు అతనికి రెండు గ్లాసుల కాఫీ ఇచ్చాను.

అతను చేసింది ఇది, నాకు పోయిన నెలే తెలిసింది: ఆ పెట్టెలో రెండు పద్ధతులున్నాయట. ఒక పద్ధతిలో ఏ ఇన్వర్టరుకు ఎంత చేతనైతే అంత లాగుతుంది. రెండో పద్ధతిలో రెండూ సమానంగా లాగాలి. అంటే బలమైనది బలహీనమైనదాని అడుగుకు తన అడుగు కుదించుకుని నడవాలి. అతను దాపటిదాన్ని పైకి తేలేదు. వలపటిదాన్ని కిందికి దించాడు.

ఇంతవరకూ పొరపాటు అనుకోవచ్చు. నా మాటను నాలుగు అర్థాల్లో ఒక అర్థంలో తీసుకున్నాడు అనుకోవచ్చు. నేను మాసి నెల దాకానే, అంటే ఇంకో నాలుగు నెలలే, అలా అనుకోగలను.

మాసిలో ఎండ కాసింది. ఎడమ ఆరున్నర, కుడి ఆరున్నర, మొత్తం పదమూడు. సరి చేయకముందు పదిహేనున్నర వచ్చేవి కదా, రెండున్నర ఎక్కడికి పోయాయని అడిగాను. అతను సముద్రం వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

“పలకలకూ వయసయితాది గదమ్మా. మనకు మాదిరే.”

నేను నవ్వాను. పదిహేనున్నరలో రెండున్నర అంటే ఇంచుమించు ఆరో వంతు. నాలుగు నెలల్లో ఆరో వంతు వయసు ఎవరి మీదైనా పడుతుందా? బడిలో ఒక పిల్ల నాతో ఈ మాట చెప్పి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. అతను చెప్తే నవ్వి, మొత్తం గడిలో పదమూడు అని రాశాను.

ఆ తర్వాత రెండు నెలలకు, చిత్తిరైలో, ధనం అడిగింది.

ధనం మా వెనక గదిలో అద్దెకుండేది. భర్త పోయాక ఇడ్లీ మావు, అంటే రుబ్బిన పిండి, అమ్ముకుని బతికేది. బియ్యం, మినప్పప్పు బజారు మిల్లుకు మోసుకెళ్ళి రుబ్బించుకుని, ఆ పిండి బకెట్లు మళ్ళీ మోసుకొచ్చేది. మా గదిలోనే రెండు గ్రైండర్లు, ఒక పెద్ద ఫ్రిజ్ పెట్టుకుంటాననీ, పగటి పూటే రుబ్బుకుంటాననీ, ఎండ కరెంటు ఇవ్వగలనా అనీ అడిగింది. కుడి మణికట్టుకు గుడ్డ కట్టుకుని ఉంది. ఆ చేత్తో ఇంకెంతో కాలం బకెట్లు మోయలేనని చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండా కనిపిస్తోంది.

నేను కాగితం తీశాను. ఇంట్లో వాడకం ఎండ ఇచ్చేదాన్ని దాటకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. మా ఇంటికి రోజుకు ఏడు యూనిట్లు కావాలి. ధనం గ్రైండర్లకూ ఫ్రిజ్‌కూ కలిపి ఎనిమిది. రెండూ కలిపి పదిహేను. ఉన్నది పదమూడు. కాగితం ఆమె వైపు తిప్పి రెండు తక్కువ, చాలదు అన్నాను.

“ఏమైనా చేసేదానికి లేదా పెద్దమ్మా?” అంది ధనం.

ఆ రోజు శనివారం. అతను మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మా ఇద్దరికీ అతనికీ మధ్య నాలుగడుగులు. నేనే అతని వైపు తిరిగి, ఏమయ్యా, ఇంకేమైనా లాగడానికి వీలుందా అని అడిగాను. ఇది నేను అడగలేదని ఎవరూ అనడానికి లేదు.

అతను గ్లాసును చేతిలో ఒక చుట్టు తిప్పాడు.

“అమ్మ లెక్కకు తిరుగులేదు,” అన్నాడు.

ధనం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. రెండు నెలలకు గది ఖాళీ చేసింది. కిరుమాంబాక్కంలో కడలూరు రోడ్డు మీద ఒక హోటల్లో పిండి రుబ్బే పని దొరికిందని, అక్కడే పడుకోవడానికి చోటిస్తారని చెప్పింది. గదికి నేను తాళం వేశాను. మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు.

అతను ఆ తర్వాత కూడా ప్రతి నెలా వచ్చాడు. అరచెయ్యి ఆనించాడు, ఉప్పు రుచి చూశాడు, అంకెలు విన్నాడు, కాఫీ తాగాడు. చిత్తిరై తర్వాత ఇరవై ఒక్క శనివారాలు. ఒక్కో శనివారం ఆ పెట్టెలో పద్ధతి మార్చడానికి అయిదు నిమిషాలు పట్టదు.

తై నెలలో, సంక్రాంతి వెళ్ళాక, గుండె ఆగి పోయాడు. నేను దండ తీసుకుని బస్సులో వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో బంధువులంతా కూర్చుని ఉంటే, నన్ను ఎవరూ అడగకపోయినా, ఈయన నా దగ్గర ఒక్క అంకె తప్పు చెప్పలేదని అన్నాను. అతని భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పోయిన నెల ఆ చిన్న పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. కొత్త మెకానిక్కు కోసం ఫోను చేస్తే ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్ళద్దాలు, మాట తక్కువ. వదులైన తీగ ఒకటి బిగించింది. దీపం పోయింది. పోబోతూ, ఈ రెంటినీ సమానం పద్ధతిలో ఎందుకు పెట్టారని అరవంలో అడిగింది. ఒక వైపు నీడ ఉన్నప్పుడు ఇలా పెడితే మంచివైపు కూడా చెడిపోయినట్టే కదా పాట్టి, అంటే అవ్వా, అంది. పలకల వయసు సంగతి అడిగాను. అయిదారేళ్ళకు వెంట్రుకవాసి తగ్గుతుంది, అంతే అంది. పద్ధతి మార్చి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఎడమ ఆరు పాయింట్ నాలుగు. కుడి ఎనిమిది పాయింట్ ఎనిమిది. మొత్తం పదిహేను పాయింట్ రెండు.

ఇంటికి ఏడు పోతే ఎనిమిది పాయింట్ రెండు మిగిలాయి. ధనానికి కావలసింది ఎనిమిది.

పుస్తకం పిట్టగోడ మీద ఆనించి పాత పేజీలు తిప్పాను. వృథాగా పోయిన యూనిట్లు ఎన్నో కూడాను. వానరోజులు తీసేసినా పద్దెనిమిది వందలకు తగ్గవు. పోతే పోయాయి. పోయినవాటికి సరిపడా కాఫీ కూడా అతనే తాగాడని నవ్వుకుని ఊరుకునేదాన్ని. నేను ఊరుకోలేనిది ఆ కాగితం సంగతి. కూడికలో, తీసివేతలో తప్పు లేదు. ఒక విధవరాలికి ఇల్లు లేకుండా చేసిన లెక్క అది. దానికి అంకె అందించింది అతను. అబద్ధమని తెలిసి, దాని మీద నా పేరు పెట్టి, ఆమె ముందు నన్నే మెచ్చుకున్నాడు.

ఆ వారం శుక్రవారం కిరుమాంబాక్కం వెళ్ళాను. ధనం హోటలు వెనక పెరట్లో గ్రైండరు రాయి కడుగుతోంది. రెండు మణికట్లకూ గుడ్డలు. ఇటుకల మీద కూర్చుని మొదటి నుంచి చెప్పాను. పెట్టె సంగతి, రెండు పద్ధతుల సంగతి, పదిహేను పాయింట్ రెండు సంగతి. నేను మోసపోయాను, నా వల్ల నువ్వు మోసపోయావు అన్నాను. ధనం రాయి కడగడం ఆపలేదు.

“నాకు తెలుసు పెద్దమ్మా.”

ఎలా తెలుసన్నాను.

“ఆ పొద్దే వచ్చినాడు నా గది కాడికి, నువ్వు లోపలికి పోయినాక. మళ్ళా పోయి అడుగు ధనం, ఆ పెట్టెలో ఒకటి మార్చినానంటే చాలుతాది, నువ్వు మళ్ళా అడిగితే ఆ సందున నేనూ వచ్చి చెప్పేస్తాను అన్నాడు. నువ్వే పోయి చెప్పరాదా అంటిని. నాకు నోరు రాదు అన్నాడు.”

“మరి నువ్వెందుకు రాలేదు?”

ధనం రాయిని బోర్లించింది. నీళ్ళు కారిపోయేదాకా చూసింది.

“నీ దగ్గర రెండోసారి అడగొచ్చని నాకు తెలీదు గదా పెద్దమ్మా.”

తప్పు పట్టినట్టు అనలేదు. ఊళ్ళో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెప్పింది.

అప్పుడు నాకు అతని మీద కోపం ఇంకా పెరిగింది, తగ్గలేదు. ధనానికి చెప్పగలిగినవాడు నాకు చెప్పలేదు. ఒకే ఇంట్లో ఇద్దరికి నిజం తెలుసు. నేను ఒక్కదాన్నే రోజూ మెట్లెక్కి వెళ్ళి అబద్ధం రాసుకొచ్చాను. నాకు చెప్పలేనంత భయం ఉంటే ఆ భయం పేరుతోనైనా రావడం మానేయవలసింది. వచ్చాడు. మెట్ల కింద చెప్పులు విడిచి, నమ్మకస్తుడిలా వచ్చాడు. భయపెట్టింది నేనే కావచ్చు. ఆ వాటా నాదే, కాదనను. ఇరవై ఒక్క శనివారాలు మాత్రం అతనివే.

గది ఖాళీగానే ఉందనీ, రోజుకు ఎనిమిది పాయింట్ రెండు యూనిట్లు ఉన్నాయనీ, వచ్చెయ్యమనీ ధనానికి చెప్పాను. చేతులు ఈ మాదిరి అయినాక ఇంకేం మావు పెద్దమ్మా అంది. లోపల నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది. నేను బస్సెక్కి వచ్చేశాను.

ఆ పై శుక్రవారం మళ్ళీ వెళ్ళాను. పెరట్లో ధనం నన్ను చూసి కొళాయి కట్టేసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, “ఏంది పెద్దమ్మా, మళ్ళా వచ్చినావు?” అంది.

“అడగడానికి,” అన్నాను.